బాయిలర్ కొత్తదే.. బిల్లే పాతది!

థర్మోడైనమిక్స్ పేరు చెబితే మీకేం గుర్తొస్తుంది? చాలామందికి స్టీమ్ టేబుల్స్, పరీక్ష ముందురోజు రాత్రి, సీనియర్ల దగ్గర తెచ్చుకున్న జిరాక్స్ నోట్సు. కార్నో సైకిల్ బొమ్మ గీసి, పక్కన ఫార్ములా రాసి, మార్కులు రాగానే మర్చిపోతాం. ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చేసరికి మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ అని తేడా లేకుండా అందరూ ఒకే కోడింగ్ టెస్టుకు కూర్చుంటారు. ఆ పాఠాలతో పని ఎక్కడుంది అని అడిగితే సూటిగా చెప్పేవాళ్లు తక్కువ.

ఉన్న చోటు ఒకటి చెప్తాను. అది చలి దేశం బ్రిటన్. అక్కడ ఇరవై ఏళ్లుగా ఒక విచిత్రమైన సమస్య నడుస్తోంది. ఇల్లు వెచ్చబెట్టే మంచి యంత్రం ఉంది. అదే పెట్టాలని రూలూ ఉంది. దాన్ని సరిగా సెట్ చేసే మనుషులే చాలడం లేదు. ఆ మనుషుల్ని తయారు చేయడానికి అక్కడివాళ్లు పడుతున్న పాట్లు తెలుసుకుంటే, మన దగ్గర ఏసీల రంగంలో ఏం జరుగుతోందో, మీకు అందులో చోటెక్కడో కూడా తెలుస్తుంది. అందుకే ముందు అక్కడికి వెళ్లి, తర్వాత ఇక్కడికి వద్దాం.

గోడకు వేలాడే పెట్టె

బ్రిటన్‌లో ప్రతి 10 ఇళ్లలో 8కి పైగా గ్యాస్ బాయిలర్‌తోనే వెచ్చబడతాయి. బాయిలర్ అనగానే పవర్ ప్లాంటు ఊహించుకోకండి. మన వంటింట్లో గోడకుండే వాటర్ ప్యూరిఫైయర్‌కి పెద్దన్న లాంటి పెట్టె అది. పైపులో వచ్చే గ్యాస్‌ని మండించి నీళ్లు వేడి చేస్తుంది. ఆ నీళ్లు గదుల్లోని ఇనుప రేడియేటర్లలోకి వెళ్లి, వేడిని గదికి ఇచ్చేసి, కాస్త చల్లబడి మళ్లీ బాయిలర్‌కి వస్తాయి. వెళ్లే నీటి వేడి ఫ్లో టెంపరేచర్. తిరిగొచ్చే నీటి వేడి రిటర్న్ టెంపరేచర్. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఇక్కడి నుంచి కథంతా వీటి చుట్టూనే.

సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. ఒక కిలో మీథేన్ మండితే 2.25 కిలోల నీరు పుడుతుంది. ఇంటర్ కెమిస్ట్రీ సమీకరణం రాసుకుని చూడండి, లెక్క సరిపోతుంది. ఆ నీరు ఆవిరి రూపంలో పొగగొట్టం గుండా బయటకి పోతుంది. పోతూ పోతూ తనలోని గుప్తోష్ణాన్ని కూడా పట్టుకుపోతుంది. అది తక్కువేమీ కాదు, గ్యాస్ ఇవ్వగలిగిన మొత్తం వేడిలో సుమారు పదో వంతు. ఆ ఆవిరిని లోపలే తిరిగి నీరుగా మార్చి, ఆ వేడిని రాబట్టుకునేదే కండెన్సింగ్ బాయిలర్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొన్ని మినహాయింపులు తప్ప కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్ ఇదే అయ్యుండాలని రూలు తెచ్చారు.

అయితే ఆవిరి నీరుగా మారాలంటే ఒక షరతుంది. పొగను తాకే ఉపరితలం డ్యూ పాయింట్ కంటే చల్లగా ఉండాలి. గ్యాస్ బాయిలర్ పొగకు ఆ డ్యూ పాయింట్ సుమారు 55 డిగ్రీల సెల్సియస్. అంటే రిటర్న్ నీరు 55 కంటే తక్కువలో వస్తేనే కండెన్సింగ్ మొదలవుతుంది. ఎంత చల్లగా వస్తే అంత లాభం.

మరి ఇళ్లలో జరిగిందేంటి? ఫిట్టర్లు కొత్త బాయిలర్‌ని బిగించారు, ఫ్లో టెంపరేచర్‌ని మాత్రం పాత అలవాటు ప్రకారం 75, 80 దగ్గరే వదిలేశారు. 80తో వెళ్లిన నీరు 60తో తిరిగొస్తే 55 కిందకి రాలేదు కదా. పేరుకు కండెన్సింగ్ బాయిలర్, చేసేది మామూలు బాయిలర్ పని. డబ్బా మీద 90 శాతం పైన ఎఫిషియెన్సీ అని రాసి ఉంటుంది, ఇంట్లో అంత రాదు. ఇంటాయనకి ఆ సంగతి తెలిసే దారి లేదు. ఇల్లు వెచ్చగానే ఉంది, బిల్లు మాత్రం నెలనెలా కాస్త ఎక్కువగా వస్తోంది, అంతే.

ఫిట్టర్లకి తెలివి లేక ఇలా చేశారని అనుకోవద్దు. ఫ్లో టెంపరేచర్ ఎక్కువ పెడితే మిగతా తప్పులన్నీ కప్పబడిపోతాయి. చిన్న రేడియేటర్ పెట్టినా గది వేడెక్కుతుంది. వాల్వులు సరిచేయకపోయినా నడుస్తుంది. 'చలేస్తోంది, మళ్లీ రండి' అని కస్టమర్ ఫోన్ చేయడు. మళ్లీ వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే కాబట్టి, ఎక్కువ పెట్టి వదిలేయడమే వాళ్లకి క్షేమం. వృథా అయిన గ్యాస్ డబ్బు పోయేది ఇంటాయన జేబులోంచి, ఫిట్టర్ ఆ బిల్లు ఎప్పుడూ చూడడు. ఈ రంగంలోని సగం సమస్య ఇదేనని నాకనిపిస్తుంది.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధరలు ఆకాశానికి వెళ్లాయి. సగటు ఇంటి ఏడాది కరెంటు, గ్యాస్ బిల్లు 2,500 పౌండ్ల దగ్గర ఆగేలా ఆ అక్టోబరులో ప్రభుత్వమే అడ్డుపడాల్సి వచ్చింది. డిసెంబరులో ఇంకో ప్రచారం మొదలుపెట్టింది. 'మీ కాంబీ బాయిలర్ ఫ్లో టెంపరేచర్‌ని 60కి తగ్గించుకోండి, ఏడాదికి సుమారు 100 పౌండ్లు మిగులుతాయి' అని జనానికే నేరుగా చెప్పింది. ఒక్కసారి ఆలోచించండి. బాయిలర్ బిగించిన రోజున ఫిట్టర్ రెండు నిమిషాల్లో చేయాల్సిన పనిని, రూలు వచ్చిన పదిహేడేళ్లకు ప్రభుత్వం ప్రకటనలిచ్చి జనంతో చేయించుకుంది.

ఇంజినీర్ అంటారు, డిగ్రీ ఉండదు

అక్కడ ఈ పని చేసేవాళ్లని హీటింగ్ ఇంజినీర్ అంటారు. మనలాగా నాలుగేళ్ల బీటెక్ చేసినవాళ్లు కాదు. ఎక్కువమంది స్కూలు చదువు అయ్యాక అప్రెంటిస్‌గా చేరి, ఒక సీనియర్ వెంట తిరిగి పని నేర్చుకున్నవాళ్లు. గ్యాస్ ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాలి. 2009 ఏప్రిల్‌లో గ్రేట్ బ్రిటన్‌లో ఇది పాత కోర్గీ రిజిస్టర్ స్థానంలో వచ్చింది. అందులో చేరాలంటే ఏసీఎస్ అనే పరీక్షలు పాసవ్వాలి, ఐదేళ్లకోసారి మళ్లీ రాయాలి. అది లేకుండా డబ్బు తీసుకుని గ్యాస్ పని చేయడం చట్టరీత్యా నేరం.

ఈ పరీక్షల దృష్టంతా భద్రత మీద. గ్యాస్ లీకవుతోందా, పొగ సరిగా బయటికి పోతోందా, కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుందా అని చూస్తాయి. ప్రాణాల సంగతి కాబట్టి అలా ఉండాల్సిందే. కానీ ప్రాణం తీయని బాయిలర్ వేరు, డబ్బు తినని బాయిలర్ వేరు. రెండోదాని కోసం 'గృహ తాపన వ్యవస్థల్లో ఇంధన సామర్థ్యం' అనే విడి సర్టిఫికెట్ పెట్టారు. సిటీ అండ్ గిల్డ్స్ లాంటి సంస్థలు ఇచ్చే ఈ సర్టిఫికెట్‌కి చాలా ట్రైనింగ్ సెంటర్లలో ఒక్క రోజు క్లాసు, చివర్లో ఒక పరీక్ష. హీట్ పంప్ కోర్సులో చేరడానికి ముందు ఇలాంటిదేదో చేసి ఉండాలని కూడా అడుగుతారు. ఒక్క రోజులో ఎవరికైనా అలవాటు మారుతుందా? నాకైతే నమ్మకం లేదు. పాత అలవాటు ఇరవై ఏళ్లది, క్లాసు ఎనిమిది గంటలది.

సరిగా నేర్పితే ఆ కోర్సులో ఏముండాలో చూద్దాం. ఇందులో మీరు చదవనిది దాదాపు ఏమీ లేదు.

మొదటిది గది గదికీ హీట్ లాస్ లెక్క. గోడ వైశాల్యం, దాని యూ-వాల్యూ, లోపలికీ బయటికీ ఉన్న టెంపరేచర్ తేడా, ఈ మూడూ గుణించడమే. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో మొదటి వారం పాఠం. 10 చదరపు మీటర్ల గోడ ఉందనుకోండి. గది 21 డిగ్రీలు ఉండాలి, బయట మైనస్ 3. తేడా 24. బ్రిటన్‌లోని పాతకాలపు ఇటుక గోడకు యూ-వాల్యూ దాదాపు 2. అంటే ఆ ఒక్క గోడ గుండా 480 వాట్లు బయటికి పోతున్నాయి. అదే మధ్యలో ఇన్సులేషన్ నింపిన గోడైతే యూ-వాల్యూ 0.5 చుట్టూ, నష్టం 120 వాట్లే. కిటికీ, పైకప్పు, నేల, సందుల్లోంచి వచ్చే గాలి ఇలా అన్నీ కలిపితే ఆ గదికి ఎన్ని వాట్లు కావాలో తేలుతుంది. చాలామంది ఫిట్టర్లు ఈ లెక్క వేయరు. 'మూడు బెడ్రూముల ఇల్లా? అయితే ఇంత' అని చూపుతోనే తేల్చేస్తారు. మన దగ్గర 'పది బై పన్నెండు గదా? టన్నున్నర పెట్టించుకోండి' అనడం లాంటిదే.

చూపుతో తేల్చడం వల్ల వచ్చే తమాషా ఒకటుంది. కాంబీ బాయిలర్ గదుల్ని వెచ్చబెట్టడంతో పాటు స్నానానికి అప్పటికప్పుడు వేడినీళ్లూ ఇస్తుంది. నిమిషానికి 10 లీటర్ల నీటిని 35 డిగ్రీలు పెంచాలంటే సుమారు 24 కిలోవాట్లు కావాలి. అందుకే పెద్ద బాయిలర్ కొంటారు. కానీ ఓ మోస్తరు ఇంటిని వెచ్చగా ఉంచడానికి గడ్డకట్టే చలిరోజున కూడా ఆరేడు కిలోవాట్లు చాలు, మామూలు రోజున ఇంకా తక్కువ. షవర్ కోసం కొన్న గుర్రాన్ని రోజంతా బండికి కట్టినట్టు అవుతుంది. బాయిలర్ వెలుగుతుంది, రెండు నిమిషాల్లో నీరు కాగిపోయి ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది. సిటీ ట్రాఫిక్‌లో బైక్ మైలేజీ ఎలా పడిపోతుందో దీనిదీ అంతే. హీటింగ్‌కి గరిష్ఠ పవర్‌ని తగ్గించే సెట్టింగ్ చాలా బాయిలర్ల లోపల ఉంటుంది. ఇన్‌స్టాలేషన్ మాన్యువల్ తెరిచినవాళ్లకే అది కనపడుతుంది.

రెండోది రేడియేటర్. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఫ్లో టెంపరేచర్ తగ్గిస్తే రేడియేటర్ ఇచ్చే వేడి కూడా తగ్గుతుంది కదా, గది చల్లబడదా? నిజమే, తగ్గుతుంది. కేటలాగ్‌లో రేడియేటర్ సామర్థ్యాన్ని గది కంటే నీరు సగటున 50 డిగ్రీలు వేడిగా ఉన్నప్పటికి లెక్కగట్టి ఇస్తారు. ఆ తేడా 30కి పడితే వేడి సుమారు సగానికి వస్తుంది. 0.6ని 1.3 ఘాతానికి హెచ్చించి చూడండి, 0.515 వస్తుంది. కానీ రేడియేటర్ సైజు ఏడాదిలో అతి చలిరోజుకు సరిపోయేలా, పైన ఇంకొంచెం కలిపి పెడతారు. తర్వాతెప్పుడో కిటికీలు మార్చి ఉంటారు, అటకకు ఇన్సులేషన్ వేయించి ఉంటారు. కాబట్టి ఎక్కువ రోజులు సగం వేడే సరిపోతుంది. సరిపోని గది ఏదో లెక్క చెప్తుంది, ఆ ఒక్క గదిలో పెద్ద రేడియేటర్ వేస్తే చాలు. బయట ఎంత చలి ఉందో సెన్సర్‌తో చూసి ఫ్లో టెంపరేచర్‌ని తనంతట తనే పెంచుతూ తగ్గిస్తూ ఉండే వెదర్ కాంపెన్సేషన్ కంట్రోల్ కూడా ఉంది. ఇలాంటి కంట్రోల్స్ వాడకంలో జర్మనీ వాళ్లు బ్రిటన్ కంటే చాలా ముందున్నారు.

మూడోది బ్యాలెన్సింగ్. దీన్ని మన పల్లెటూరి వాళ్లకి చెప్పడం తేలిక. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీళ్లు దండిగా పారతాయి, చివరి ఆయకట్టు రైతు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. రేడియేటర్లూ అంతే. బాయిలర్‌కి దగ్గరున్నది నీటిని ఎక్కువ లాగేసుకుంటుంది, మేడ మీద చివరి గదిలో వేడి ఉండదు. ప్రతి రేడియేటర్‌కి కింద లాక్‌షీల్డ్ అనే చిన్న వాల్వు ఉంటుంది, అది తూము లాంటిది. దగ్గరి తూము కొంచెం మూసి, దూరపుది తెరవాలి. ప్రతిదానికీ వచ్చే పైపు, పోయే పైపు టెంపరేచర్లు కొలుస్తూ సరిచేయాలి. ఓ పూట పడుతుంది, ఓపిక కావాలి. ఈ ఓపిక లేకపోతే మళ్లీ పాత మందే, 80కి పెంచేయడం.

ఒక జాగ్రత్త కూడా నేర్పాలి. నీటిని ట్యాంకులో నిల్వ చేసే ఇళ్లలో ఆ ట్యాంకును మాత్రం 60 డిగ్రీల దాకా వేడి చేయాలి. లేకపోతే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. ఇంధనం మిగల్చాలన్న ఉత్సాహంలో అన్నీ తగ్గించుకుంటూ పోకూడదు.

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయా అని పరీక్షించడానికి సాల్ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఏకంగా ఒక పాత తరహా ఇటుక ఇంటిని ల్యాబ్ లోపలే కట్టేశారు. బయట వాతావరణాన్ని వాళ్లే సృష్టిస్తారు. తర్వాత కట్టిన ఎనర్జీ హౌస్ 2.0లో మైనస్ 20 నుంచి 40 డిగ్రీల దాకా పెట్టుకోవచ్చు. రాజస్థాన్ ఎండ, రష్యా చలి ఒకే షెడ్డులో! ఎంటెక్ ప్రాజెక్టుకు టాపిక్ దొరకట్లేదనేవాళ్లు ఆ ల్యాబ్ పేపర్లు ఒకసారి చూడండి.

హీట్ పంప్ దగ్గర సాకులు చెల్లవు

ఇప్పుడు బ్రిటన్ గ్యాస్ నుంచి హీట్ పంప్‌ల వైపు మళ్లాలని చూస్తోంది. 2028 నాటికి ఏడాదికి 6 లక్షల హీట్ పంప్‌లు పెట్టాలని 2020లో లక్ష్యం ప్రకటించారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ తీసి హీట్ పంప్ పెట్టించుకుంటే ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2023 అక్టోబరులో 5,000 పౌండ్ల నుంచి 7,500 పౌండ్లకు పెంచారు. అయినా పెడుతున్నవి లక్ష్యానికి చాలా దూరంలోనే ఉన్నాయి. కారణాలు అనేకం. కరెంటు ధర గ్యాస్ కంటే చాలా ఎక్కువ ఉండటం ఒకటి, ఆ పని తెలిసినవాళ్లు చాలకపోవడం ఇంకొకటి. గ్యాస్ ఇంజినీర్లు ఈ కోర్సు చేస్తే ఇంగ్లండ్‌లో ఫీజులో 500 పౌండ్ల దాకా భరించే పథకం కూడా పెట్టారు.

హీట్ పంప్ అంటే మన స్ప్లిట్ ఏసీనే, తిప్పి నడిపినట్టు. ఏసీ గదిలోని వేడిని తీసి బయట పారేస్తుంది. హీట్ పంప్ బయటి చల్లగాలిలో ఉన్న కాస్త వేడినీ పట్టి లోపలికి తెస్తుంది. కార్నో ఫార్ములా ఇక్కడే పనికొస్తుంది. బయట సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు రేడియేటర్లకు 35 డిగ్రీల నీరు పంపితే, సిద్ధాంతం ప్రకారం గరిష్ఠ సీవోపీ 308ని 35తో భాగిస్తే వచ్చేది, అంటే 8.8. అదే 55 డిగ్రీల నీరు కావాలంటే 328ని 55తో భాగించాలి, దాదాపు 6కి పడిపోతుంది. అసలు యంత్రంలో వచ్చేది ఇందులో సగం అటూఇటూ. కానీ తగ్గే తీరు మాత్రం ఇదే. బాయిలర్‌లో 80 పెడితే ఓ పది శాతం పోతుందేమో, ఎవరూ పట్టించుకోరు. హీట్ పంప్‌లో లెక్క తప్పితే బిల్లు కళ్లకు కట్టినట్టు కనపడుతుంది, ఇల్లూ వెచ్చబడదు. 'హీట్ పంప్‌లు పనిచేయవు' అని పేపర్లలో వచ్చే కథల్లో చాలావాటి వెనక యంత్రం తప్పు కంటే డిజైన్ తప్పే ఎక్కువని నా అభిప్రాయం.

అందుకే 2022 జూన్ నుంచి ఇంగ్లండ్‌లో కొత్తగా వేసే, లేదా పూర్తిగా మార్చే నీటి హీటింగ్ సిస్టంను ఫ్లో టెంపరేచర్ 55 డిగ్రీలు మించకుండా డిజైన్ చేయాలని రూలు మార్చారు. ఇవాళ గ్యాస్ బాయిలర్ పెట్టినా, రేపు దాని స్థానంలో హీట్ పంప్ వస్తే అవే రేడియేటర్లు పనికిరావాలన్నది ఆలోచన.

ఫ్లైట్ టికెట్ కొనేముందు

'బ్రిటన్‌లో హీటింగ్ ఇంజినీర్లకు యమా డిమాండ్, మా కోర్సు చేస్తే జాబ్ గ్యారంటీ' అని మీ ఫోన్‌కి మెసేజ్ వస్తే ఏం చేయాలి? ముందు ఈ కింది సంగతులు గుర్తు చేసుకోండి.

ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో చేసే ఏ సర్టిఫికెటూ మిమ్మల్ని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లోకి తీసుకెళ్లదు. అక్కడ రిజిస్టరైన ఇంజినీర్ కింద నిజమైన ఇళ్లలో పనిచేసిన అనుభవం చూపించాలి. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఎమ్మెస్సీ చదివేవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటలే పనిచేయొచ్చు, స్వయం ఉపాధి అసలు కుదరదు. ఇళ్లలో బాయిలర్ పని చేసేవాళ్లలో చాలామంది సొంతంగా చేసుకునేవాళ్లే కాబట్టి ఆ దారి చదువుకునేటప్పుడు మూసుకుపోయినట్టే. ఇక 2025 జులై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు, కొన్ని తాత్కాలిక మినహాయింపులు తప్ప, ఉద్యోగం డిగ్రీ స్థాయిది అయ్యుండాలి. రూల్స్ తరచూ మారుతున్నాయి. కన్సల్టెన్సీ అన్నయ్య మాట కాకుండా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నదే నమ్మండి.

డిగ్రీ స్థాయి దారి మాత్రం ఉంది, దాని పేరు బిల్డింగ్ సర్వీసెస్ ఇంజినీరింగ్. భవనాలకు హీటింగ్, కూలింగ్, వెంటిలేషన్ డిజైన్ చేసేవాళ్లు వీళ్లు. అక్కడ వీళ్ల వృత్తి సంస్థ సిబ్సీ. ఎంఎస్ అని ఏదో ఒక కోర్సులో చేరి అప్పుల పాలయ్యే బదులు, వెళ్లాలనే నిర్ణయించుకున్న మెకానికల్ వాళ్లు ఈ బ్రాంచిని ఒకసారి చూడటం మంచిది. జర్మనీ సంగతి వేరు. అక్కడ హీటింగ్ మెకానిక్ అప్రెంటిస్‌షిప్ మూడున్నరేళ్లు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు, కానీ జర్మన్ భాష రాకుండా అడుగు ముందుకు పడదు. అటు వెళ్లాలనుకుంటే తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి. వాటిని అడగండి. ప్రైవేటు ఏజెంటయితే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సు ఉందో లేదో చూడకుండా రూపాయి కట్టొద్దు.

మన బాయిలర్ పేరు ఏసీ

ఇక ఇంటికొద్దాం. లంబసింగిలో నాలుగు రోజులు చలి మంటలేసుకుంటాం తప్ప మనకి రేడియేటర్ల అవసరం లేదు. కానీ బ్రిటన్ బాయిలర్‌కి జరిగిందే ఇక్కడ ఏసీకి జరుగుతోంది. ఫైవ్ స్టార్ లేబుల్ చూసి ఐదారు వేలు ఎక్కువ పెట్టి కొంటాం. బిగించేవాళ్లు ఆ స్టార్లని మొదటి గంటలోనే తీసేస్తారు.

ఈసారి మీ వీధిలో ఎవరింటికైనా ఏసీ బిగించడానికి వస్తే పక్కనే నిలబడి చూడండి. రాగి పైపుల్లోంచి గాలి, తేమ తీయడానికి వ్యాక్యూమ్ పంప్ పెట్టారా, లేక కాస్త గ్యాస్ వదిలి 'అయిపోయింది సార్' అన్నారా? పైపు మలుపు దగ్గర నొక్కుకుపోయిందా? గ్యాస్ నింపేటప్పుడు తూకం వేశారా, ప్రెజర్ గేజ్ చూసి అందాజుగా ఎక్కించారా? అవుట్‌డోర్ యూనిట్‌ని గాలాడని డక్టులోకి తోసేశారా? వీటిలో ఏ ఒక్కటి తప్పినా కరెంటు ఎక్కువ తాగుతుంది. పైగా ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది, ఆర్-290 అయితే ప్రొపేనే. అందాజు పని ఇక బిల్లుతోనే పోదు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2019 మార్చిలో విడుదలైన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో 2022-23 నాటికి లక్షమంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని రాసుకున్నారు. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని బీఈఈ నిబంధన తెచ్చింది. ఇది కూడా ఫ్లో టెంపరేచర్ కథే చూడండి. యంత్రం మారలేదు, సెట్టింగ్ మారింది.

ఉద్యోగాలు ఎక్కడ అంటారా? తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీ ఫ్యాక్టరీలున్నాయి. బాయిలర్లు, హీట్ పంప్‌లకు పేరున్న జర్మన్ కంపెనీ వీస్‌మన్ తాపన వ్యాపారాన్ని అమెరికా కంపెనీ క్యారియర్ కొనుగోలు చేసింది. 2024 జనవరిలో ఆ డీల్ పూర్తయింది. ఆ క్యారియర్‌కి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సెంటర్ ఉంది. అంటే యూరప్ ఇళ్లను వెచ్చబెట్టే యంత్రాల కంపెనీకి ఒక చిరునామా మన ఊళ్లోనూ ఉంది. డిగ్రీ లేని తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఐటీఐలో రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ రెండేళ్లది. ఎండలు ఇలా మండుతున్న రోజుల్లో దాన్ని చిన్నచూపు చూడకండి. బీటెక్ వాళ్లకు బీఈఈ నిర్వహించే ఎనర్జీ మేనేజర్, ఎనర్జీ ఆడిటర్ జాతీయ పరీక్ష ఉంది. మేనేజర్‌కు మూడు పేపర్లు, ఆడిటర్‌కు నాలుగు. దానికి పని అనుభవం అడుగుతారు కాబట్టి పట్టా చేతికి రాగానే రాయలేరు, కానీ చదవడానికి ఎవరూ అడ్డుపడరు.

ఈ సెమిస్టర్‌లోనే చేయగలిగినవి రెండు మూడు చెప్తాను, ఖర్చు దాదాపు లేదు. ఇంట్లో 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్ ఉంటే 22 డిగ్రీల నీటిని 60కి తేవడానికి ఎంతసేపు పడుతుందో ముందు కాగితం మీద లెక్కేయండి. సుమారు 20 నిమిషాలు, 0.66 యూనిట్ అని వస్తుంది. తర్వాత గడియారం పెట్టుకుని, మీటరు చూసి కొలవండి. తేడా వస్తే ఎందుకొచ్చిందో రాయండి. ఏసీ ఉంటే ఇండోర్ యూనిట్‌లోకి పోయే గాలి, వచ్చే గాలి టెంపరేచర్లు చవక థర్మామీటర్‌తో కొలవండి. తేమను బట్టి మారుతుంది గానీ మామూలుగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. బాగా తక్కువగా ఉంటే ఫిల్టర్ కడిగి మళ్లీ కొలవండి. ఆ తర్వాత మీ హాస్టల్ గదికి, గోడలు, పైకప్పు, కిటికీ, ఉండే మనుషులు అన్నీ కలిపి పూర్తి హీట్ లోడ్ లెక్క వేయండి. టన్ను అంటే 3.5 కిలోవాట్లు, మీ గదికి నిజంగా ఎన్ని టన్నులు కావాలో తేల్చండి. పై అంతస్తు గదికీ, కింది గదికీ జవాబు ఎంత మారుతుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. రెజ్యూమెలో 'ప్రాజెక్ట్స్' కింద నలుగురూ రాసే అదే లైన్ ఫాలోయర్ రోబో కంటే ఈ రెండు పేజీల లెక్క గురించి ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడొచ్చు.

మీ కాలేజీలో ఇష్రే స్టూడెంట్ చాప్టర్ ఉందేమో కనుక్కోండి. ఇది మన దేశంలో ఈ రంగపు ఇంజినీర్ల సంఘం, హైదరాబాద్‌లోనూ చాప్టర్ ఉంది. బీఈఈ పరీక్షకు సంబంధించిన నాలుగు గైడ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. రెండో పుస్తకంలో బాయిలర్లు, ఇన్సులేషన్ ఉన్నాయి. మూడోదాంట్లో రిఫ్రిజిరేషన్, ఏసీలు. మూడోదాంతో మొదలుపెట్టండి, రోజుకి అరగంట చదివినా ఎండాకాలం వచ్చేలోపు పూర్తవుతుంది.